చెడ్డ ముక్కకు చెదరని మనిషి

విన్నిపెగ్‌లో నాకు దొరికిన మొదటి నికరమైన ఉద్యోగం పేక ముక్కలు పంచడం. నరసరావుపేటలో పన్నెండేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ప్రాబబిలిటీ పాఠం వచ్చినప్పుడల్లా పేకలో యాభై రెండు ముక్కలుంటాయని బోర్డు మీద రాసేదాన్నే గానీ, పేకను చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. మా నాన్నగారి దృష్టిలో పేక ఉన్న ఇల్లూ, రేపో మాపో పోలీసులు వచ్చే ఇల్లూ ఒకటే. మా ఊళ్లో పట్టుబడ్డవాళ్లను పేపర్లో పేకాట రాయుళ్లని రాసేవారు. ఆ రాయుళ్లకే ముక్కలు పంచడానికి నేను ఇంత దూరం వచ్చానని ఆయనకు ఇప్పటికీ తెలియదు. హాస్పిటాలిటీ రంగంలో ఉన్నానని చెప్పాను. ఆసుపత్రి అనుకుని సంతోషించారు.

ఇక్కడ నా డిగ్రీలను పరిశీలించినవాళ్లు లెక్కలకు వంక పెట్టలేదు. మాట్లాడే ఇంగ్లీషే ఇంకొంచెం మెరుగుపడాలన్నారు. రెండుసార్లు టెస్ట్ రాశాను. రెండుసార్లూ మాట్లాడే భాగంలోనే కొద్దిలో తప్పాను. మూడోసారికి ధైర్యం కూడగట్టుకుంటుండగా క్యాసినోలో డీలర్ల ట్రైనింగ్ అని ప్రకటన కనిపించింది. అక్కడ నోటికి పని తక్కువ, చేతులకు ఎక్కువ. మావారు గోడౌన్‌లో ఇన్వెంటరీ చూస్తారు. ఆయన ఒక రోజంతా ఆలోచించి, పగటి షిఫ్టు అయితే సరే అన్నారు.

ట్రైనింగ్‌లో మొదటి వారాలు పేక కలపడం, పంచడం. ఆ తరవాత నేర్పింది తిట్లు తినడం. ఓడిపోయినవాడి కోపం ముందు పంచిన చేతి మీదికే వస్తుందని, దాన్ని మనసుకు పట్టించుకోకూడదని మా ట్రైనర్ చెప్పింది. ఒక వాక్యాన్ని మా అందరిచేతా బట్టీ పట్టించింది. ‘ఐ అండర్‌స్టాండ్ యువర్ ఫ్రస్ట్రేషన్, సర్.’ నవ్వు ఎంత వెడల్పు ఉండాలో కూడా చూపించింది. పళ్లు కనిపిస్తే ఎగతాళి అనుకుంటారట.

పోకర్ గదిలో చేరాక ఆమె చెప్పింది అక్షరాలా నిజమని తెలిసింది. ఈ ఆటలో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతాం. తరవాత బల్ల మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు తెరుస్తాం. ఆ అయిదో ముక్క దగ్గరే మనుషుల అసలు రూపం బయటపడుతుంది. రిటైరైన ఒక ప్లంబర్ పెద్దాయన నేను బల్ల దగ్గరికి రాగానే కుర్చీ మారేవాడు, నా ఎడమ చేతివైపు అదృష్టం ఉండదని. కళ్లజోడు కుర్రాడొకడు యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివాడు. ఓడినప్పుడల్లా సీలింగు వైపు చూసి ఎవరినో నిలదీసేవాడు. పేకాటనే ఉద్యోగంగా పెట్టుకున్నవాళ్లు కూడా ఇంతే. ముందు రోజు తాము గెలిచింది తెలివి, ఈరోజు ఓడింది నా చేతి మహిమ.

ఒక్కరే వేరుగా ఉండేవారు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. బూడిద రంగు స్వెటరు, పక్కన అల్లం టీ ఫ్లాస్కు. వరంగల్ మనిషి. అమెరికాలో చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్ చేసి, ఇక్కడికి మారాక లేఆఫ్ అయ్యి, అప్పటినుంచి ఈ ఆట మీదే బతుకుతున్నారు. మొదటిరోజు నా బ్యాడ్జి మీది పేరు చదివి, “తెలుగా?” అని మెల్లగా అడిగారు. తలూపాను. బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదని రూలు, అందుకని అంతకుమించి మాటలు సాగలేదు. ఆయన సోమవారం నుంచి శుక్రవారం దాకా పదకొండింటికి వచ్చి, ఆరింటికి లేచేవారు. గెలిచినా అదే ముఖం, ఓడినా అదే ముఖం. మిగతావాళ్లు ఆయన్ని ప్రొఫెసర్ అనేవారు. చదువు చెప్పిన నన్ను మాత్రం ఎవరూ అలా అనలేదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర రెండు రాజులు ఉన్నాయి. మధ్యలో ఇంకో రాజు తెరిచాను. అంటే మూడు రాజులు. ఎదురుగా ఉన్న ట్రక్ డ్రైవర్ దగ్గర రెండు ఏడులు, మధ్యలో ఇంకో ఏడు. నాలుగు ముక్కలు తెరిచాక ఇద్దరూ తమ డబ్బంతా ముందుకు తోసి ముక్కలు తిప్పి చూపించారు. ట్రక్ డ్రైవర్ గెలవాలంటే నాలుగో ఏడు రావాలి. కనిపించకుండా మిగిలినవి నలభై నాలుగు ముక్కలు, అందులో అది ఒక్కటి. పిల్లలకు లెక్కగా ఇస్తే మరీ తేలికగా ఉందనేవారు. అయిదో ముక్క తిప్పాను. కళావరు ఏడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆయన ఆ ఏడు వైపు ఒక క్షణం చూశారు. ట్రక్ డ్రైవర్‌ని అభినందించారు. నాకు థాంక్స్ చెప్పారు. ఫ్లాస్కు మూత తిప్పి టీ పోసుకున్నారు. చుక్క కూడా ఒలకలేదు. నేనే తరవాతి ఆటకు పేకను రెండుసార్లు కలిపాను.

ఆ శనివారం ఇండియన్ గ్రోసరీలో ఆయనా, ఆయన భార్యా కనిపించారు. ఆమె వృద్ధుల హోమ్‌లో నర్సు. ఆయన నన్ను మా టేబుల్ మేడమ్ అని పరిచయం చేశారు. వరసలు కలుపుకోవడానికి మనవాళ్లకు గోంగూర కట్టల దగ్గర రెండు నిమిషాలు చాలు. ఆయన అన్నయ్యగారు అయ్యారు, ఆమె వదిన అయ్యారు. నేను ఉండబట్టలేక, ఆ రోజు అంత నిమ్మళంగా ఎలా ఉండగలిగారని అడిగాను.

“ముక్క నా చేతుల లేదు కద,” అన్నారాయన. “పైసలు పెట్టాల్నా వద్దా, గదొక్కటే నా చేతుల ఉంది. అది కరెక్ట్‌గ చేసిన్నా లేదా, అంతే చూసుకుంట. అదే ఆట మళ్ల వందసార్లు ఆడుండ్రి, తొంభై ఏడుసార్లు నేనే గెలుస్త. మిగిలిన మూడింటికి నేనెందుకు ఏడ్వాలె?”

నిజానికి తొంభై ఎనిమిదికే దగ్గర. మనసులోనే దిద్దుకున్నాను. అంత చెడ్డ దెబ్బ తిన్న మనిషి తన పక్షాన ఉన్న లెక్కను కూడా తగ్గించి చెప్పడం నాకు గొప్పగా అనిపించింది. వదిన పచ్చిమిరపకాయలు ఏరుకుంటూ ఉన్నారు. వాటిని ఆవిడ మరీ శ్రద్ధగా ఏరుతున్నారని నాకు ఆ రోజు తోచలేదు.

ఇంటికి వచ్చి ఆ సిద్ధాంతాన్ని అమల్లో పెట్టాను. మరుసటి వారమే, మంచు తీసే రోజున రోడ్డు పక్కన పార్క్ చేశామని సిటీవాళ్లు మా కారును లాక్కెళ్లారు. మావారు తల పట్టుకున్నారు. నేను పక్కన కూర్చుని, మనం తీసుకున్న నిర్ణయం సరైనదే, ఫలితమే చెడ్డదని ఓదార్చాను.

“నిర్ణయం కూడా తప్పే,” అన్నారు మావారు. “బోర్డు చూడలేదు.”

సిద్ధాంతంలో ఈ ఇబ్బంది ఒకటి ఉంది. అయినా వదిలిపెట్టలేదు. మార్చిలో ఒకతను ఓడిపోయి ముక్కను నా మీదికి విసిరాడు. దాని అంచు చెంపకు తగిలింది. పళ్లు కనిపించకుండా నవ్వి, బట్టీ పట్టిన వాక్యం చెప్పాను. సూపర్‌వైజర్ అతన్ని బయటికి పంపి, నా ఓర్పును అందరి ముందూ మెచ్చుకుంది. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా అమ్మాయి పెరుగు గిన్నె కింద ఒలకబోసి ఉంది. పదేళ్ల పిల్ల మీద నేను అరిచిన అరుపు పై అంతస్తుకు వినిపించింది. అది గుడ్డ తెచ్చి తుడుస్తూ, “మామ్, ఇట్స్ జస్ట్ యోగర్ట్,” అంది. నిజమే, పెరుగే. ఆ రెండు సంఘటనలకూ సంబంధం ఉందని నాకు తట్టలేదు. పేకాట బల్ల దగ్గర నేను నేర్చుకున్న నిగ్రహానికి మురిసిపోతూనే ఉన్నాను.

ఉగాదికి మా తెలుగువాళ్లందరం ఒక కమ్యూనిటీ సెంటర్ హాలు తీసుకున్నాం. బయట ఇంకా మంచు కుప్పలున్నాయి, లోపల వేపపువ్వుకు బదులు కాకరకాయ వేసిన పచ్చడి. భోజనాలకు ముందు తంబోలా పెట్టారు. లెక్కల టీచర్ని కదా అని నంబర్లు చదివే పని నాకు అప్పగించారు. ఫుల్ హౌస్‌కి, అంటే టికెట్ మీది నంబర్లన్నీ ముందుగా కొట్టేసినవాళ్లకి, బహుమతి ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. అన్నయ్యగారూ, వదినా మూడో వరసలో కూర్చున్నారు. ఆయన చేతిలో ఒకే టికెట్.

మొదట్లో ప్రతి నంబరునూ అంకెలు విడదీసి, మళ్లీ కలిపి చదివాను. గంట గడిచేసరికి మైకు గరగరమంది, పులిహోర వాసన వచ్చింది, పిల్లలు గోల మొదలుపెట్టారు. తొందరలో అంకెలు విడదీయడం మానేశాను. ఆ తప్పు నాదే. “సిక్స్టీ,” అన్నాను. అన్నయ్యగారు ఫుల్ హౌస్ అంటూ లేచి నిలబడ్డారు.

టికెట్ తెచ్చి చూస్తే ఆయనకు కావలసింది పదహారు. నేను చదివింది అరవై. తప్పు క్లెయిమ్ చేస్తే ఆ టికెట్ రద్దు. రూలు అది. ఆయన ఎప్పటిలాగే తలూపి వెళ్లి కూర్చున్నారు. హాల్లో ఆయన్ని మొదటిసారి చూసినవాళ్లు ఎంత పెద్దమనిషో అనుకుని ఉంటారు. తరవాతి నంబరు ఏదో చదివాను. దాని తరవాత డబ్బాలో చేయి పెట్టి తీస్తే పదహారు వచ్చింది. చదవక తప్పదు. చదివాను. కొడుకు దగ్గరికి విజిటర్‌గా వచ్చిన ఒక పెద్దావిడ ఫుల్ హౌస్ అంది. ఆవిడకూ పదహారే మిగిలిందట.

అప్పుడు ఆయన లేచారు. ముందు టికెట్‌ను రెండుగా చింపారు. తరవాత వరసలో కూర్చున్నవాళ్ల కాళ్లను దాటుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చారు. పేకాట గదిలో ఎంత పెద్ద దెబ్బకీ పెరగని ఆ గొంతు, చిన్న తంబోలాకు హాలంతా వినిపించింది.

“లెక్కలు చెప్పిన అంటరు. సిక్స్టీకి, సిక్స్టీన్‌కి తేడా పలకరాదా మీకు? ఇట్ల మాట్లాడితే ఎవరు ఇస్తరు ఉద్యోగం?”

నేను రెండుసార్లు టెస్ట్ తప్పానని గ్రోసరీలో వదినతో నేనే చెప్పాను. అది ఆయన చెవినా పడి ఉంటుంది. నా లోపలినుంచి వచ్చింది ఒకే ఒక్క వాక్యం.

“ఐ అండర్‌స్టాండ్ యువర్ ఫ్రస్ట్రేషన్, సర్.”

నవ్వు వెడల్పు కూడా కొలిచినట్టు వచ్చింది. హాలు హాలంతా పగలబడి నవ్వింది. వాళ్లు నేను కావాలనే వాతపెట్టాననుకున్నారు. ఆయన కూడా అలాగే అనుకున్నారు. కోటు తీసుకుని బయటికి వెళ్లిపోయారు. వదిన తెచ్చిన బొబ్బట్ల డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. వచ్చినవాళ్లలో సగం మంది అవి బాగున్నాయని నాతో చెప్పారు.

మర్నాడు వదిన ఫోన్ చేశారు. క్షమాపణ చెప్పడానికి మొదలుపెట్టి, మెల్లగా వేరే సంగతుల్లోకి వెళ్లారు. ఇంట్లో ఆయన కోపం ఇలాగే ఉంటుందట. గిన్నెలు కడిగే మెషీన్ మీద, వాతావరణం చెప్పే యాప్ మీద, పక్కింటివాళ్లు మంచు ఇటు తోస్తారని వాళ్ల మీద. ఆమె మీద చేయి ఎత్తింది లేదు, ఒక మాట అన్నది లేదు. వస్తువులతోనే పోట్లాట. ఆ నాలుగో ఏడు పడిన రోజున ఇంటికి వచ్చి, టోస్టర్ రెండోవైపు సరిగా కాల్చలేదని దాన్ని తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టి తాళం వేశారట.

“అక్కడ మీరంత నిమ్మళం మనిషి అనుకుంటరు,” అన్నారు వదిన. “నిమ్మళంగున్న రోజే మాకు భయం. ఎంత నిమ్మళంగ లోపలికొస్తే అంత పెద్ద దెబ్బ తగిలినట్టు లెక్క.”

ఫోన్ పెట్టేసి వంటింట్లోంచి తొంగి చూశాను. మా అమ్మాయి హాల్లో హోంవర్క్ చేసుకుంటోంది. నేను షిఫ్టు నుంచి రాగానే ముందు నా ముఖం చూసి, ఆ తరవాతే మాట్లాడుతోందన్న సంగతి కొన్ని వారాలుగా కళ్లెదుటే ఉన్నా, నేను చూడలేదు. వెళ్లి పక్కన కూర్చుని, పెరుగు రోజున అరిచినందుకు సారీ చెప్పాను. అది విచిత్రంగా చూసి, “దట్ వాజ్ మార్చ్,” అంది.

అన్నయ్యగారు మూడు వారాలు పోకర్ గదికి రాలేదు. ప్రొఫెసర్‌కి ఏమైందని ప్లంబర్ పెద్దాయన నన్నే అడిగాడు. తెలియదన్నాను. తంబోలాలో ఓడిపోయారని చెబితే ఎవరు నమ్ముతారు?

ఏప్రిల్ చివర ఒక రోజు షిఫ్టు దిగి బయటికి వస్తే బస్టాప్ దగ్గర నిలబడి ఉన్నారు. ఏడు దాటినా ఎండ ఇంకా ఉంది. నన్ను చూసి చేతులు జోడించారు. నాకంటే పెద్దవారు అలా చేస్తే ఇబ్బందిగా ఉంటుందని చెప్పి, కూర్చోమన్నాను.

“కుక్కర్లు ఇంట్ల రెండున్నయి,” అన్నారు కూర్చుంటూ. “కుక్కర్ కోసం కాదు.”

దేని కోసమని అడిగాను.

“ఆడ టేబుల్ కాడ చెడ్డ ముక్క వచ్చినంక కూడ నాకు పని ఉంటది, చెల్లె. నెక్స్ట్ ఏం చెయ్యాలె, ఎప్పుడు లేవాలె, ఆలోచిస్త. తంబోలాల నాకేం పనుంది? చెవులు పెట్టి కూసునుడే. నేను చేసిన ఒక్క పని తప్పయింది. తప్పు నాది కావద్దనుకున్న, మీ మీద ఏసిన.”

పేకాటలో ఆయన చెప్పిన సూత్రానికి ఇది సరిగ్గా తిరగేసిన రూపం. సరైన నిర్ణయానికి చెడ్డ ఫలితం వస్తే భరించగలరు. తన నిర్ణయమే తప్పైనప్పుడు భరించలేరు. అంకెలు విడదీసి చదవనిది నేనేనని ఒప్పుకున్నాను. ఆ వాక్యం ఎగతాళికి అనలేదనీ, ట్రైనింగ్‌లో బట్టీ పట్టినదనీ చెప్పాను. ఆయన మొదటిసారి గట్టిగా నవ్వారు. ఆ తరవాత నేను టోస్టర్ సంగతి అడిగాను. నవ్వు ఆగిపోయింది.

“ఆమె చెప్పిందా?”

“చెప్పారు. నేనూ మా అమ్మాయి మీద అరిచాను, అన్నయ్యగారూ. ముక్కను నా మీదికి విసిరినవాణ్ణి ఏమీ అనకుండా, పెరుగు ఒలికిందని పిల్లను అన్నాను.”

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. తరవాతి బస్సు వచ్చేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను.

మే నెలలో తిరిగి ఆటకు వచ్చారు. కొత్త పద్ధతి పెట్టుకున్నారట, ఓడిన రోజున నేరుగా ఇంటికి వెళ్లకుండా షాపింగ్ మాల్‌లో ఒక గంట నడవడం. చలికి బయట నడవలేని వృద్ధులు అక్కడ నడుస్తుంటారు, అలవాటై ఎండాకాలంలోనూ మానరు. కోపం తగ్గించుకోవడానికని మొదలుపెట్టిన నడకలో, రెండో వారానికే ఎర్ర టోపీ పెద్దాయనొకడు తనను దాటి వెళ్తున్నాడని వదినతో ఫిర్యాదు చేశారట. ఆ తరవాత నడక మానేశారు.

ఆ ఎండాకాలం ఆయనకు అసలు కలిసిరాలేదు. జూన్, జులై, ఆగస్టు. ఆట తీరులో లోపమేమీ లేదు, నేను రోజూ చూస్తున్నాను కదా. మంచి ముక్కలు వచ్చినప్పుడు అందరూ వెనక్కి తగ్గేవారు, అందరూ ముందుకు వచ్చినప్పుడు అయిదో ముక్క కొంప ముంచేది. ఆయన ముఖం మాత్రం అదే ముఖం. దాని వెనక ఎన్ని టోస్టర్లు పోగవుతున్నాయోనని నాకు లోపల గుబులుగా ఉండేది.

ఆగస్టులో ఒక మంగళవారం ఆయన రెండు ఆసులతో ఉన్నదంతా పెట్టారు. కళ్లజోడు కుర్రాడి దగ్గర తొమ్మిదీ, అయిదూ. ఏ లెక్కతో వచ్చాడో అతనికే తెలియదు. నాలుగు ముక్కలు తెరిచేదాకా ఆసులే పైన. అయిదోది తిప్పాను. తొమ్మిది. అప్పటికే ఒక అయిదు పడి ఉంది. అంతే, కుర్రాడికి రెండు జతలు.

ఆయన అరచేత్తో బల్ల మీద కొట్టారు. “థూ, నీ దరిద్రం పాడుగాను! తొమ్మిదీ అయిదూ పట్టుకుని ఎట్లొచ్చినవ్‌రా నువ్వు?” అన్నారు, స్వచ్ఛమైన తెలుగులో, పోకర్ గదంతా తిరిగి చూసేలా.

సూపర్‌వైజర్ పరుగున వచ్చింది. ఇంగ్లీషు కాని భాష, పైగా అరుపు. ఆ మాటలకు అర్థమేమిటని నన్ను అడిగింది. ఈ అబ్బాయి ఇంత తక్కువ ముక్కలతో ఆటలోకి ఎలా వచ్చాడా అని ఆశ్చర్యపోతున్నారని చెప్పాను. అబద్ధమైతే కాదు. ఆయనకు ఒక హెచ్చరిక ఇచ్చి వదిలేసింది. కుర్రాడు గెలిచిన పందెం బిళ్లలు పోగుచేసుకుంటూ, తనకూ అదే ఆశ్చర్యంగా ఉందన్నాడు.

దాంతో ప్రొఫెసర్ అన్న పేరు పోయింది. ఈ వృత్తిలో కదలని ముఖం కూడా పెట్టుబడే. ఆయనకు కోపం వస్తుందని తెలిసిన మరుక్షణం నుంచి మిగతావాళ్లు కావాలని రెచ్చగొట్టడం మొదలుపెట్టారు. ప్లంబర్ పెద్దాయన ఈల వేసేవాడు. అన్నయ్యగారు కొన్నాళ్లు కోప్పడ్డారు. తరవాత వాళ్లు తనను రెచ్చగొట్టడానికి పిచ్చి ముక్కలతో ఆడుతున్నారని గమనించి, మంచి ముక్కలు వచ్చినప్పుడు కూడా కొంచెం కోపం నటించసాగారు. అందులో ఏది నిజమో, ఏది నటనో పంచే నాకే తెలిసేది కాదు. పెద్దగా గెలవలేదు గానీ ఓడడం ఆగింది. చలి మొదలయ్యాక ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఒకటి తీసుకుని, ఆటను వారానికి మూడు రోజులకు తగ్గించుకున్నారు.

నేను అక్టోబరులో టెస్ట్ మూడోసారి రాశాను. ఈసారి గట్టెక్కింది. ఇప్పుడు పెద్దవాళ్ల చదువుల సెంటర్‌లో వారానికి రెండు రోజులు లెక్కలు చెబుతున్నాను, మిగతా రోజులు ముక్కలు పంచుతున్నాను. మా నాన్నగారితో టీచింగ్‌లోకి మారానంటే, మంచి ఆసుపత్రి ఉద్యోగం ఎందుకు వదిలావని నొచ్చుకున్నారు.

మొన్న గ్రోసరీలో వదిన ఒక్కరే కనిపించారు. ఇంట్లో ఇప్పుడెలా ఉందని అడిగాను. అరుపులు లేవట. టోస్టర్ వంటింట్లోకి తిరిగి వచ్చిందట. ఓడిన రోజున ఆయన బూట్లు విప్పకముందే ఓడానని చెప్పేస్తారట. విన్న నాకు చాలా సంతోషమైంది, ఆ మాటే అన్నాను.

“చెప్పి ఊకుంటే బాగనే ఉండు,” అన్నారు వదిన, పాలకూర కట్ట సంచిలో వేసుకుంటూ. “ఎవని దగ్గర ఏ ముక్కుంది, ఏ ముక్క మీద ఏం పడ్డది, గంటసేపు చెప్తడు. అన్నం సల్లారిపోతది. దీనికంటే లొల్లే నయముండె.”